కథనము: ప్రబోధ సాధనముగా దాని చరిత్ర, ప్రయోగము

ఒక విషయమును ఎదుటివానిచేత అంగీకరింపజేయుటకు గాని, ఎదుటివానితో మనసు కలుపుకొనుటకు గాని, జరిగిన సంగతినో కల్పించిన సంగతినో ఆద్యంతములు గల వృత్తాంతముగా చెప్పుటను ఈ వ్యాసమున కథనమని వ్యవహరించుచున్నాము. రసాస్వాదనమే పరమప్రయోజనముగా గల కావ్యకథ వేరు. ఇచ్చట ప్రస్తుతమైన కథకు నెరవేర్పవలసిన పని యొకటి యున్నది. వర్తకుడు సరకునకు గిరాకి తెచ్చుకొనుటకును, సంస్కర్త దురాచారమును మాన్పించుటకును, అధికారి క్రొత్త పద్ధతికి సహోద్యోగులను ఒప్పించుటకును, తల్లి అలిగిన కొడుకును దారికి తెచ్చుకొనుటకును దానినే ఆశ్రయింతురు. ఆజ్ఞకు లోబడినవాడు పరుల నిర్ణయమును మోయుచుండును. వాదమునకు తలయొగ్గినవాడు ఓడితినను కొరతతో నుండును. కథ విన్నవాడు మాత్రము అందలి సారమును తానే తీసికొని, అది తన సొంత నిర్ణయమే యని భావించును. కథనమునకు గల బలమంతయు ఈ ఒక్క లక్షణమునందే యున్నదనియు, దానివలన కలుగు ప్రమాదములు సైతము అందుండియే పుట్టుచున్నవనియు చరిత్రను పరిశీలించిన తేటపడును.

పూర్వుల విచారము

న్యాయశాస్త్రము పరార్థానుమానమునకు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని అయిదవయవములను విధించినది. కొండమీద నిప్పున్నదనుటకు పొగ హేతువే యైనను, పొగయు నిప్పును కూడియున్న వంటయింటి దృష్టాంతమును చూపనిదే ఆ వాదము పరునికి నిండుగా అందదని నైయాయికుల మతము. తాను తెలిసికొనుటకు హేతువు చాలినను ఇతరునికి తెలియజేయుటకు కన్నులయెదుట నిలుచు నొక సన్నివేశము కావలెనని వారు గ్రహించిరి. కాశ్మీరాలంకారికుడైన మమ్మటుడు 11 వ శతాబ్దిలో వెలయించిన కావ్యప్రకాశమున ఉపదేశరీతులను మూడుగా విభజించెను: వేదము ప్రభువువలె శాసించును, పురాణేతిహాసములు మిత్రునివలె నచ్చజెప్పును, కావ్యము కాంతవలె సరసముగా లోగొని తనవైపునకు త్రిప్పుకొనును. ఈ విభాగమును తెలుగు లక్షణకర్తలును పండితులును తరతరములుగా ఆదరించిరి.

గ్రీకు దేశమున అరిస్టాటిల్ క్రీ. పూ. 4 వ శతాబ్దిలో వక్తృత్వమునుగూర్చి వ్రాసిన గ్రంథమున దృష్టాంతములు జరిగినవి, కల్పితములు అని రెండు తెరగులని చెప్పి, ఈసపు కథలవంటి వానిని రెండవ వర్గమున చేర్చెను. ప్రస్తుతమును పోలిన పూర్వవృత్తాంతము దొరకుట కష్టము, కథ కల్పించుట సులభము గనుక జనసభలయందు కల్పితకథ అనుకూలమనియు, కాని కార్యాలోచనమున జరిగిన సంగతియే మిన్న యనియు, ఏలయన జరుగబోవునది చాలవరకు జరిగినదానినే పోలియుండుననియు ఆయన తీర్మానించెను. రోమునగరమున సామాన్యప్రజలు కులీనులపై అలిగి పురమును విడిచి కొండ చేరినప్పుడు, క్రీ. పూ. 494 ప్రాంతమున, మెనేనియస్ అగ్రిప్ప యనువాడు కడుపుపై తిరుగబడి తామే కృశించిపోయిన అవయవముల కథ చెప్పి వారిని మరల్చెనని లివీ చరిత్రకారుడు వ్రాసెను. ఆ కథ ఒక్కటియే వారిని మరల్చలేదు. ప్రజల పక్షమున ట్రిబ్యూనులను నియమించుకొను హక్కు కూడ వారికి ఒప్పందమువలన లభించినది. కథ సంధికి వాకిలి తెరచినది, సంధి షరతులు వేరుగా కుదిరినవి. కథన ప్రశంస చేయువారు ఈ రెండవ భాగమును తరచుగా విడిచిపెట్టుచుందురు.

ఇతిహాసములందును పంచతంత్రమునందును

మహాభారతమునందలి ఉపాఖ్యానములు పెక్కు గ్రంథవిస్తరమునకై చేర్చినవి కావు. ఒకానొక వ్యక్తిని ఒకానొక సమయమున కదలించుటకై చెప్పబడినవి. జూదమున సర్వస్వము కోల్పోయి అడవిలోనున్న ధర్మరాజు తనకంటె దౌర్భాగ్యుడైన రాజు లోకమున నుండెనా యని అడిగినప్పుడు బృహదశ్వుడు ఊరడింపు మాటలతో సరిపుచ్చక నలచరిత్రమును వినిపించెను. రాయబారము విఫలమై కృష్ణుడు హస్తినాపురమునుండి మరలునప్పుడు కుంతి తన కొడుకులకు పంపిన సందేశమునకు జీవము పోసినది విదులోపాఖ్యానము: సింధురాజు చేతిలో నోడి కర్తవ్యము మరచి పడియున్న కుమారుని ఒక క్షత్రియమాత లేపిన వృత్తాంతమది. ఆ కథలోని కుమారుడు ఎవరో పాండవులకు ఎవరును చెప్పనక్కరలేదు.

కథ ధైర్యమును పోసినట్లే దానిని హరింపగలదనుటకును భారతమే సాక్ష్యము. కర్ణునకు సారథియైన శల్యుడు, అతని తేజోవధ చేయుదునని ధర్మరాజునకు ముందుగా మాట యిచ్చియుండి, రణరంగమున హంసకాకీయమును చెప్పెను. వైశ్యపుత్రుల యెంగిలి మెతుకులతో బలిసిన కాకి హంసతో పందెము వేసి సముద్రముమీద నెగిరి, అలసి నీట మునుగుచుండగా ఆ హంసయే జాలిపడి దానిని ఒడ్డు చేర్చెనను ఆ కథ కర్ణుని పుట్టుకను, పోషణమును, దర్పమును ఒక్కమారే తాకినది. తిక్కన కర్ణపర్వమున దీనిని తెనిగించిన తీరు చదివినవారికి, ఆ మాటలు బాణములకంటె ముందుగా కర్ణుని చేరినవని తోచకమానదు.

కథను శాస్త్రబోధకు సాధనముగా క్రమబద్ధము చేసిన గ్రంథము పంచతంత్రము. మహిళారోప్యపురాధీశ్వరుడైన అమరశక్తి తన మువ్వురు కుమారులు విద్యావిముఖులైరని వగచుచుండగా, ఎనుబదేండ్ల విష్ణుశర్మ వారిని ఆరు మాసములలో నీతిశాస్త్రకోవిదులను చేయుదునని పూని, ఎన్ని శాసనములు రాసి యిచ్చినను విద్యను విక్రయింపనని చెప్పి, సూత్రములకు బదులు మృగపక్షుల కథలు చెప్పెను. అందు కథలోనుండి కథ పుట్టును. ఒక పాత్ర మరియొక పాత్రను ఒప్పించుటకే ప్రతి కథయు చెప్పబడును. కనుక అది నీతిగ్రంథము మాత్రమే కాక, ఎవరు ఎవరికి ఏ సమయమున ఏ కథను ఎందులకు చెప్పుదురో చూపు ప్రయోగశాల వంటిది. మిత్రభేదమున దమనకుడను నక్క పింగళక సింహమునకు, మెత్తని పడకలో చిరకాలము సుఖముగానున్న పేను నల్లికి చోటిచ్చి చచ్చిన కథ చెప్పి, నిరపరాధియైన సంజీవకవృషభముపై అనుమానమును నాటెను. కథ చక్కనిది, నీతి సత్యమైనది, ప్రయోగము మాత్రము దుర్మార్గము. కథ చెప్పుటలో నేర్పరియగు పాత్రనే గ్రంథకర్త మొదటి తంత్రమున వంచకునిగా నిలిపినాడు. రాజపుత్రులు నేర్వవలసినది కథ చెప్పుట ఒక్కటియే కాదు, చెప్పువాని మొగము చూచి వినుట కూడను.

ఈ గ్రంథము 6 వ శతాబ్దిలో పారసీక చక్రవర్తి ఖుస్రూ అనుషిర్వాను కాలమున బుర్జోయి యను వైద్యునిచే పహ్లవీభాషలోనికిని, 8 వ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫాచే అరబ్బీలోనికిని పరివర్తితమై, తదుపరి ఐరోపా భాషలకు ప్రాకెను. తెలుగున దూబగుంట నారాయణకవి 15 వ శతాబ్దిలో పద్యకావ్యముగా రచించెను; పరవస్తు చిన్నయసూరి మిత్రలాభ మిత్రభేదములను నీతిచంద్రిక యను పేర 1853 లో గద్యముగా వెలువరించగా, సంధివిగ్రహములను కందుకూరి వీరేశలింగము పూరించెను. ఒక శతాబ్దమునకు పైగా తెలుగు బాలురు వ్యాకరణమును, వాక్యరచనను, లోకజ్ఞతను కలిపి నేర్చినది ఈ కథలయందే.

బేతాళకథలు వేరొక యుక్తిని చూపును. బేతాళుడు ప్రతి కథను చిక్కుముడివద్ద నిలిపి తీర్పు విక్రమార్కునకు విడుచును. 1947 లో నాగిరెడ్డి, చక్రపాణులు స్థాపించిన చందమామ పత్రిక మూలములోని ఇరువదియైదు కథలు ముగిసిన తరువాతను ఈ చట్రమున క్రొత్త కథలను దశాబ్దముల తరబడి అల్లుచు వచ్చుటకు కారణము, రాజు ఉత్తరమునకు ముందు తన యుత్తరమును వెదకుకొను పాఠకుని యుత్సాహమే.

తెలుగునాట కథాప్రయోగము

పాల్కురికి సోమనాథుడు 13 వ శతాబ్దిలో శివభక్తుల చరిత్రములను బసవపురాణముగా కూర్చునప్పుడు, ఉద్దండపండితులకు నచ్చు వృత్తములను కాదని ద్విపదను కోరి గ్రహించెను. తన మతమును నమ్మించవలసినవారు సామాన్యజనులు గనుక వారి నాలుకపై నిలుచు ఛందమే కథకు వాహనము కావలెనని ఆయన తలంపు. బెజ్జ మహాదేవి, ముగ్ధసంగయ్య మొదలగు అమాయకభక్తుల గాథలలో సిద్ధాంతచర్చ లేకున్నను, భక్తికి కులము, పాండిత్యము అడ్డురావను సిద్ధాంతము వినువాని మనసున తానై యేర్పడును.

తెలంగాణమున పటము కథలు మరియొక సంప్రదాయము. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరుగుడ్డపై గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూతలు పూసి, మూడడుగుల వెడల్పున పదులకొలది అడుగుల పొడవుగా పటమును చిత్రింపగా, ఆశ్రితకులములవారు దానిని విప్పుచు ఊరూర కులపురాణములను గానము చేయుదురు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయపురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును చెప్పుదురు. రజకులకు మడేలు పురాణము కలదు. ఈ కథలు వినువారికి క్రొత్తవి కావు. ఒక కులము తన పుట్టుక ఘనమైనదని, తన వృత్తి దైవదత్తమైనదని ఏండ్లకొకమారు అందరు కూర్చుండి వినుట వలన వారి నడుమ ఐక్యము, కథకులకు ఆ యింటింట హక్కుగా వచ్చు త్యాగము రెండును నిలిచినవి. శాస్త్రములు తక్కువజేసిన కులములకు పురాణముచే గౌరవమును సమకూర్చిన ఈ కథకుల సేవ మన సాహిత్యచరిత్రలలో ఇంకను తగినంత చోటు పొందలేదు.

హరికథకు ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) చేతిలో పరిపూర్ణరూపము సిద్ధించినది. కాళ్ళకు గజ్జెలతో, చేత చిరతలతో, ఒక్కడే నిలిచి రాత్రి పొడవున సభను పట్టియుంచు భాగవతారు ప్రధానకథ నడుమ పిట్టకథలను చొప్పించును. కునుకుపాటు పడుచున్న శ్రోతను మేల్కొల్పుటకే అవి పుట్టినవనుట సగము నిజము; పురాణపాత్ర ధర్మసంకటమును ఊరివారికి తెలిసిన షావుకారు గడుసుదనముతోనో, కోడలి కష్టముతోనో ముడివేయుట పిట్టకథ పని.

ఆ ముడిని అంగముగా చేసికొన్నది బుర్రకథ. నడుమ తంబురా మీటుచు అందెలు మ్రోగించు కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. అందు హాస్యపు వంత నవ్వించును, రాజకీయపు వంత కథను నేటి సంగతులకు అన్వయించును. జంగముకథగా సంచరించిన ఈ రూపమును 1940 ల దశాబ్దిలో ప్రజానాట్యమండలి చేపట్టి పల్లెలను మేల్కొల్పినది. గుంటూరు మండలపు షేక్ నాజర్ (1920-1997) పల్నాటి యుద్ధమును చెప్పినను, బొబ్బిలి యుద్ధమును చెప్పినను, అల్లూరి సీతారామరాజును చెప్పినను, వేలకొలది జనము గడచిన చరిత్రలో వర్తమానమును చూచిరి. సుంకర సత్యనారాయణ రచించిన కష్టజీవి రైతుల బ్రతుకునే కథావస్తువుగా గ్రహించినది. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వశాఖలు కుటుంబనియంత్రణమునకు, ఆరోగ్యప్రచారమునకు ఇదే రూపమును వాడుకొనెను. అయితే కథ పలచబడి నినాదము ముందునకు వచ్చిన ప్రదర్శనలు జనమును అంతగా పట్టలేకపోయినవి. చెప్పదలచిన ముక్తాయింపు మొదటనే తెలిసిపోయిన కథలో శ్రోత తాను చేయవలసిన పని మిగులదు.

సంఖ్యయు కథయు

విజయనగర సంస్థానాధీశుడు ఆనందగజపతి ఆజ్ఞచే విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణకుటుంబములలో జరిగిన కన్యాశుల్క వివాహములను లెక్కగట్టగా 1034 తేలినవి. వధువులలో 99 మంది అయిదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూడేండ్లవారు, ఆరుగురు రెండేండ్లవారు, ముగ్గురు ఏడాది బిడ్డలు. ఈ లెక్కను గురజాడ అప్పారావు 1897 లో ముద్రితమైన కన్యాశుల్కము పీఠికలో చేర్చెను. చదువునప్పుడు గుండె చెదరు సంఖ్యలే యివి. అయినను నేడు తెలుగువారిలో ఈ లెక్క ఎరిగినవారు కొందరే, లుబ్ధావధానులకు అమ్ముడుపోవనున్న సుబ్బిని ఎరుగనివారు అరుదు. 1892 లో తొలిసారి ప్రదర్శితమైన ఈ నాటకము ఒక్క దండకమైనను చదువక, పాత్రలను వారి వారి మాటలలో నడువనిచ్చి, ఆ ఆచారము ఎంత హేయమో ప్రేక్షకుడే నిశ్చయించుకొనునట్లు చేసినది. లెక్క నిష్ప్రయోజనమని దీనిభావము కాదు. ఆ లెక్క లేనియెడల సుబ్బి కేవలము కల్పన యని త్రోసివేయవచ్చును; సుబ్బి లేనియెడల లెక్క రికార్డులలో ఉండిపోవును. గురజాడ రెంటిని ఒకే పుస్తకమున కట్టినాడు.

ఇదే భేదమును అమెరికాయందు మనశ్శాస్త్రజ్ఞులు 2007 లో ప్రకటించిన ప్రయోగమున కొలిచిరి. చేత అయిదు డాలర్లున్నవారికి ఆఫ్రికాలోని కరవును గూర్చి అంకెలు మాత్రమే చూపగా వారు సగటున 1.14 డాలర్లు దానమిచ్చిరి. మాలీదేశపు రోకియా యను ఏడేండ్ల బాలికను గూర్చి చెప్పగా 2.38 ఇచ్చిరి, బాలిక వృత్తాంతమునకు అంకెలను జతపరచగా 1.43 నకు తగ్గిరి. అంకె బుద్ధిని లేపి దయను నిద్రపుచ్చినదని పరిశోధకుల వ్యాఖ్య. స్మృతి విషయమున బోవర్, క్లార్కులు 1969 లో చేసిన పరీక్ష ఇంకను స్ఫుటమైనది: పదిపదముల జాబితాలను పన్నెండింటిని కథలుగా అల్లుకొని చదివినవారు తుదకు నూటికి 93 పదములను, ఊరక చదివినవారు 13 పదములను జ్ఞాపకము తెచ్చుకొనగలిగిరి.

జరిగిన కథకు ఎంత బలమున్నదో తెలంగాణమే దేశమునకు చూపినది. 1951 ఏప్రిల్ 18 న నల్లగొండ మండలములోని పోచంపల్లిలో వినోబాభావే యెదుట హరిజనులు తమకు 80 ఎకరములు కావలెనని కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇత్తుననెను. సాయుధపోరాటము ఇంకను ఆరని ఆ కాలమున వినోబా మరునాటినుండి గ్రామగ్రామమునకు నడచుచు భూసంస్కరణ సిద్ధాంతమును గాక, పోచంపల్లిలో జరిగినదానిని చెప్పెను. మీకు అయిదుగురు కొడుకులున్నచో నన్ను ఆరవవానిగా నెంచి నా పాలు ఇండని అడిగెను. తెలంగాణ పాదయాత్రలోనే సుమారు 12 వేల ఎకరములు దానముగా వచ్చినవి. తదుపరి దేశమంతట లభించిన భూములలో చాలవరకు సాగునకు పనికిరానివనియు, వివాదములలో చిక్కినవనియు తేలినది. కథ చేయి చాపించగలిగినది. పట్టా చేయించి, హద్దులు నాటించి, దున్నించు యంత్రాంగము దానికి వెనుక లేకపోయినది.

వాణిజ్యమున

పాశ్చాత్యప్రకటనల చరిత్రలో క్లాడ్ హాప్కిన్స్ ష్లిట్జ్ మద్యమునకు చేసిన ప్రచారము ప్రసిద్ధము. బీరు తయారీశాలలో సీసాలను ఆవిరితో కడుగుట, లోతైన బావులనుండి నీరు తోడుట మొదలగు పనులను చూచి ఆయన ఆశ్చర్యపడగా, అందరు తయారీదారులు అట్లే చేయుదురని యజమానులు చెప్పిరి. అందరు చేయుదురు, ఎవరును చెప్పలేదని గ్రహించి ఆయన ఆ తయారీ వృత్తాంతమునే ప్రకటనగా వ్రాసెను. అయిదవ స్థానముననున్న ఆ మద్యము కొలది మాసములలో మొదటి స్థానమునకు పోటీ వచ్చినదని ఆయన తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను. డేవిడ్ ఓగిల్వీ 1951 లో హాథవే చొక్కాల ప్రకటనలోని పురుషునకు కంటికి నల్లని గంతను కట్టించి వదలెను. ఆ కన్ను ఏమైనదో చెప్పలేదు. చెప్పని ఆ కథను చదువరులే కల్పించుకొనిరి, చొక్కా పేరు వారికి మరపునకు రాలేదు.

రేడియోకాలమున సబ్బుల కంపెనీలు గృహిణులకై ధారావాహిక నాటకములను పోషించినవి. 1933 లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ వారి ఆక్సిడాల్ పొడి ఖర్చుతో వెలువడిన మా పెర్కిన్స్ అట్టివానిలో పేరొందినది. బి. బి. సి. 1951 జనవరి 1 నుండి దేశమంతటికిని ప్రసారము చేసిన ది ఆర్చర్స్ యుద్ధానంతరపు ఆహారపు కొరతలో రైతులకు సేద్యపు మెళకువలను ఒక పల్లె కుటుంబపు కథగా అందించినది. పెరూదేశమున 1969 లో ఆరంభమైన టెలివిజన్ కథలో మరియా యను పేదపిల్ల సింగర్ కుట్టుమిషనుతో బ్రతుకు దిద్దుకొనగా, అది ప్రసారమైనచోట్ల మిషన్ల అమ్మకము పెరిగినది. దానిని గమనించిన మెక్సికో దర్శకుడు మిగెల్ సబిదో వయోజనవిద్యకై అట్టి కథలను నిర్మించెను. మనదేశమున 1984 లో దూరదర్శన్ ప్రసారము చేసిన హమ్ లోగ్ ఆ మార్గమునే అనుసరించినది.

భారతీయోదాహరణములలో నిలకడగా పరిశీలింపదగినది మంథన్ చలనచిత్రము. గుజరాతు పాల సహకార సమాఖ్యలోని అయిదు లక్షలమంది రైతులు తలకు రెండు రూపాయలు వేసికొని 1976 లో దానికి పెట్టుబడి పెట్టిరి; శ్యాం బెనెగల్ దర్శకుడు, విజయ్ టెండూల్కర్ రచయిత. పశువైద్యుడొకడు పల్లెకు వచ్చి పాల సహకారసంఘమును నెలకొల్పబూనుట, పాల వ్యాపారియు ఊరిపెద్దయు ప్రతిఘటించుట, అంటరానివారని దూరముంచబడినవారు ఓటుచే తమ బలము తెలిసికొనుట అందలి యితివృత్తము. పెట్టుబడి పెట్టిన రైతులు బండ్లకు బండ్లు కట్టుకొని తమ సినిమాను చూడవచ్చిరి. అది అంతటితో ఆగలేదు. ఆపరేషన్ ఫ్లడ్ కార్యక్రమమును నడుపుచున్న వర్గీస్ కురియన్ ఆ చిత్రపు ప్రతులను సంఘములు లేని పల్లెలకు పంపించి ప్రదర్శింపజేసెను. వెంట పశువైద్యులును, పాలపరీక్ష తెలిసినవారును వెళ్ళి, చూచినవారు కోరినచో సంఘమునకు తోడ్పడుచుండిరి. చిత్రము చివర వైద్యుడు ఊరు విడిచి వెళ్ళిపోవును; సంఘము చేజిక్కించుకొని నడుపునది భోలా యను ఊరివాడు. చూచువాడు తనను వైద్యునిలో కాక భోలాలో చూచుకొనుటకు ఆ ముగింపు తావిచ్చినది. భూదానకథకు లేకపోయిన యంత్రాంగము ఈ కథకు వెన్నంటి వచ్చినది గనుకనే ఫలితము నిలిచినదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

కార్యాలయములందు

జూలియన్ ఆర్ అను మానవశాస్త్రజ్ఞుడు జిరాక్సు యంత్రములను బాగుచేయువారి వెంట తిరిగి, 1996 లో ప్రచురించిన గ్రంథమున విలక్షణమైన సంగతి నొకదానిని వెల్లడించెను. కంపెనీ ఇచ్చిన మార్గదర్శక పుస్తకములు చెప్పని చిక్కులను ఆ పనివారు భోజనవేళల, కాఫీవేళల ఒకరికొకరు చెప్పుకొను వృత్తాంతములతో విప్పుచుండిరి. ఫలాని యంత్రము ఎట్లు మొరాయించినది, మొదట ఏమి అనుకొన్నది, తుదకు దోషము ఎక్కడ దొరికినది అను కథ పనితనమును చేతులు మార్చుచుండెను, చెప్పినవానికి గౌరవమును కూడ తెచ్చుచుండెను. యాజమాన్యము వ్యర్థప్రసంగమని తలచినది నిజమునకు పనిలో భాగమే.

ప్రపంచబ్యాంకున స్టీఫెన్ డెన్నింగ్ 1996 లో, అప్పులిచ్చు సంస్థ తన జ్ఞానమును కూడ పంచవలెనని పటములు, పట్టికలు చూపి వాదించి విఫలుడై, తుదకు చిన్న సంగతి నొకదానిని చెప్పనారంభించెను: జాంబియాలోని కమానా అను చిన్న ఊరిలో ఒక ఆరోగ్యకార్యకర్త మలేరియా చికిత్సను అట్లాంటాలోని రోగనియంత్రణ కేంద్రపు వెబ్‌సైటునుండి తెలిసికొన్నాడు, ఆ సమాచారమున బ్యాంకు పేరు లేదు. ఇంతే కథ. వర్ణనలు లేకుండుటయే దానికి గుణమైనదని డెన్నింగ్ తరువాత వివరించెను. విన్నవారు తమతమ శాఖలకు తగిన కథను లోలోన అల్లుకొనిరి. అమెజాను సంస్థలో జెఫ్ బెజోస్ 2004 లో సమావేశములయందు తెరమీది పట్టికలను మాన్పించి, ఆరు పుటలకు మించని గద్యపత్రమును అందరు మౌనముగా చదివిన పిమ్మటనే చర్చ జరుగవలెనని నియమించెను. చుక్కలు పెట్టి వ్రాసిన అంశముల నడుమ దాగు కార్యకారణలోపము పూర్ణవాక్యములలో దాగలేదు.

నిత్యజీవితమున

కలహారీ ఎడారి ప్రాంతమున నివసించు జు హోవాన్సీ జనుల సంభాషణలను పరిశీలించిన పాలీ వైస్నర్ 2014 లో ప్రకటించిన లెక్క ప్రకారము పగటి మాటలలో కథలు నూటికి ఆరు మాత్రమే. రాత్రి నెగడు చుట్టు చెప్పుకొను మాటలలో నూటికి 81. పగలు జీవనోపాధి, ఫిర్యాదు, పంపకము; రాత్రి దూరపు బంధువులు, చచ్చినవారు, పెండ్లిండ్లు. ఫిలిప్పీన్సులోని అగ్తా జనులలో మంచి కథకులున్న విడుదులవారు పరస్పరసహకారమున మిన్న యనియు, తోడుగా ఉండుటకు జనులు వేటగానికంటె కథకునే మిక్కిలిగా కోరుదురనియు 2017 నాటి పరిశోధన తెలిపినది.

తెలుగుగృహములలో మందలింపు తరచుగా "వెనకటికి నీబోటివాడే ఒకడు" అని మొదలగును. ఎదుటివాని తప్పును నేరుగా ఎత్తిచూపక, ఊరు పేరు లేని మరియొకనిపై మోపి, మానము చెడకుండ దిద్దుకొను వెసులుబాటు ఇచ్చుట ఈ పద్ధతిలోని మర్యాద. గుమ్మడికాయల దొంగ మొదలగు సామెతలు పెక్కు ఇట్టి కథల అవశేషములే. కథ అందరకు తెలిసియుండుటచే చివరి మాట ఒక్కటి చాలును. రచ్చబండ తగవులలో పెద్దమనుషులు తీర్పునకు ముందు పూర్వపు తగవును చెప్పుట, పెండ్లిసంబంధము మాటలలో వంశపు సంగతులు చెప్పుట, బీమా ఏజెంటు పొరుగింటివారి ఆపద చెప్పుట, ఇవన్నియు ఆ కుదురునకు చెందినవే. అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులు అక్కడ పుట్టిన పిల్లలకు తాతముత్తాతల వలసను, చదువుకై పడిన పాట్లను చెప్పుట కూడ ఈ వర్గముననే చేరును. అచ్చట ఒప్పించవలసిన విషయమేదియు లేదు, చేర్చుకొనుటయే ప్రయోజనము.

దురుపయోగమును నియంత్రణమును

గ్రీన్, బ్రాక్ అను మనశ్శాస్త్రజ్ఞులు 2000 లో ప్రకటించిన పరీక్షలలో, కథయందు మిక్కిలిగా లీనమైనవారు అందు పొసగని మాటలను తక్కువగా గుర్తించిరి. అది యథార్థమని చెప్పినను కల్పితమని చెప్పినను వారి విశ్వాసములు ఒకే తీరున మారినవి. పెన్నింగ్టన్, హేస్టీలు 1988 లో హత్యాభియోగమునకు సంబంధించిన ఒకే సాక్ష్యమును భిన్నక్రమములలో వినిపించిరి. అభియోగపక్షపు సాక్ష్యము కథాక్రమమునను, రక్షణపక్షపుది సాక్షులు వచ్చిన క్రమమునను ఉన్నప్పుడు నూటికి 78 మంది నేరస్థుడనిరి. క్రమమును తారుమారు చేయగా 31 మంది మాత్రమే అట్లనిరి. సాక్ష్యము మారలేదు, కూర్పు మారినది. నిర్ణయము తనదేయని నమ్మినవాడు దానిని మరల శంకింపడు గనుక దమనకునకు ఎప్పుడును చోటున్నది.

1990 అక్టోబరున అమెరికా కాంగ్రెసు సభ్యుల బృందము ఎదుట పదునైదేండ్ల బాలిక కన్నీటితో, ఇరాకు సైనికులు కువైటు ఆసుపత్రిలో శిశువులను ఇంక్యుబేటర్లనుండి తీసి నేలపై విడిచిరని చెప్పెను. యుద్ధచర్చలో ఆ వృత్తాంతము పదే పదే ఉదాహృతమైనది. ఆమె కువైటు రాయబారి కుమార్తె యనియు, ఆ సాక్ష్యమును ప్రచారసంస్థ యొకటి ఏర్పాటు చేసినదనియు యుద్ధము ముగిసిన తరువాత 1992 లో వెల్లడి యైనది. ఆమె చెప్పిన సంఘటనకు ఆధారము దొరకలేదు. వ్యాపారమున థెరనోస్ సంస్థ ఒక్క రక్తబిందువుతో వందల పరీక్షలు చేయుదుమను కథను, బంధుమరణపు స్మృతిని జోడించి పెట్టుబడిదారులకు చెప్పినది. యంత్రము పనిచేయలేదు, స్థాపకురాలు 2022 జనవరిలో మోసము చేసినదని న్యాయస్థానమున నిర్ధారింపబడెను.

భారతదేశమున రోగములను మహిమచే కుదుర్తుమను ప్రకటనలను 1954 నాటి ఔషధముల, మంత్రచికిత్సల ప్రకటనల చట్టము నిషేధించినది. ప్రకటనకర్తలు స్వయముగా నియమములను పాటించుటకు 1985 లో ప్రకటనల ప్రమాణమండలిని ఏర్పరచుకొనిరి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనకు తయారీదారునిపైనే కాక, తన అనుభవమని చెప్పి సరకును సమర్థించిన ప్రముఖునిపైనను మొదటి తప్పునకు పది లక్షల రూపాయలవరకు జరిమానా విధింప వీలు కల్పించినది. చెప్పబోవు మాటలు నిజమా కాదా యని తగిన శ్రద్ధతో ముందుగా విచారించుకొన్నానని నిరూపించుకొన్నవానికి మాత్రము ఆ చట్టమున విడుదల కలదు.